చిన్నపిల్లలున్న ఇంట్లో క్రిస్మస్ నెల ఎలా గడుపుతున్నారు? కేకులు, కానుకలు కాకుండా ఇంకేం చేస్తున్నారు?

నాగావళి గట్టు (శ్రీకాకుళం) | నవంబర్ 22, రాత్రి 9:40

అందరికీ వందనాలండి. మాకిద్దరు పిల్లలు. పాపకి ఏడేళ్లు, బాబుకి నాలుగు నిండాయి. డిసెంబర్ నెలంటే నాకు చిన్నప్పటి నుంచీ ప్రాణం. అది నా పిల్లలకి అందుతోందా లేదా అన్నదే ఇప్పుడు నా దిగులు.

నెల మొదలైతే చాలు, సెమీ క్రిస్మస్‌లు. సండే స్కూల్లో ఒకటి, బడిలో ఒకటి, స్త్రీల సమాజం వాళ్లది ఒకటి, మా ఆఫీసులో ఒకటి. ఎక్కడికెళ్లినా కేకు, ఎర్ర టోపీ, చాక్లెట్లు, ఫొటోలు. అసలు పండగ వచ్చేసరికి పిల్లలకి మొహం మొత్తుతోంది. పోయినేడు 25వ తారీఖు ఆరాధన మధ్యలో పాప నా చెవిలో "అమ్మా, క్రిస్మస్ మొన్నే అయిపోయింది కదా, మళ్లీ ఎందుకు?" అని అడిగింది. ఈ ఏడాది ఇంకా నెల మొదలవకుండానే "నాకేం కొంటారు?" అని మొదలుపెట్టింది.

మా ఆయనకి హైదరాబాద్‌లో షిఫ్ట్ డ్యూటీ. సెలవు సంక్రాంతికే ఇస్తామన్నారట. ఇంట్లో నేను, అత్తయ్య, పిల్లలు. రాత్రి కుటుంబ ప్రార్థన రోజూ ఉంది గానీ చిన్నోడు కుదురుగా కూర్చోడు. మీ ఇళ్లలో నిజంగా జరుగుతున్నవి చెప్పండి. డబ్బు ఎక్కువ ఖర్చయ్యేవి వద్దు.

మూడు లాంతర్లు (విజయనగరం) | నవంబర్ 22, రాత్రి 10:25

చెల్లీ, నేను సండే స్కూల్లో చిన్న తరగతి చూస్తాను. నాకు తెలిసినంతలో పిల్లలకి కొరవడింది ఎదురుచూపు. అన్నీ ముందే చేతిలో పెట్టేస్తే పండగ రోజుకి ఇంకేం మిగులుతుంది? నాలుగేళ్ల వాడికి "ఇంకా ఇరవై రోజులుంది" అంటే అర్థం కాదు. ఎదురుగా కనిపించే లెక్క కావాలి.

మా ఇంట్లో క్రిస్మస్‌కి ముందొచ్చే నాలుగు ఆదివారాల (అడ్వెంట్ అంటారు) కొవ్వొత్తులు పెడతాం. ఈసారి మొదటి ఆదివారం నవంబర్ 30న వచ్చింది. స్టీలు పళ్లెంలో ఇసుక పోసి నాలుగు కొవ్వొత్తులు గుచ్చండి. మొదటి వారం ఒకటి, రెండో వారం రెండు, అలా వెలిగించాలి. ఇంట్లో లైట్లన్నీ ఆపేయండి. ఈ పద్ధతి పుట్టిందే పిల్లల కోసం. 1839లో జర్మనీలోని హాంబర్గ్‌లో యోహాన్ విషెర్న్ అనే పాస్టరు గారు దిక్కులేని పిల్లల కోసం ఒక ఆశ్రమం నడిపేవారు. "క్రిస్మస్ ఎప్పుడు, ఎప్పుడు?" అని పిల్లలు రోజూ అడుగుతుంటే, ఆయన పాత బండి చక్రం మీద ఆదివారాలకి పెద్ద తెల్ల కొవ్వొత్తులు, మిగతా రోజులకి చిన్న ఎర్రవి పెట్టి రోజుకొకటి వెలిగించేవారు.

వారానికి ఒక్క కథ చాలు. మొదటి వారం జెకర్యాది చెప్పండి. ముసలితనంలో కొడుకు పుడతాడన్న దేవదూత మాట నమ్మక ఆయనకి మాట పడిపోయింది. కొడుకు పుట్టాక పేరేం పెట్టాలని అడిగితే పలక తెప్పించుకుని "యోహాను" అని రాశాడు. కథ అయ్యాక ఇంట్లో అందరూ కాసేపు మాట్లాడకూడదు, ఏం కావాలన్నా సైగ చెయ్యాలి, లేదంటే పలక మీద రాయాలి. మా చిన్నది మంచినీళ్లు కావాలని పలక మీద గ్లాసు బొమ్మ గీసి వాళ్ల తాతకి చూపించింది. కుదురుగా కూర్చోని పిల్లలే ఈ ఆటలో ముందుంటారు. తర్వాతి వారాలకి మరియమ్మ దగ్గరికి గబ్రియేలు రావడం, బేత్లెహేముకి ప్రయాణం, గొర్రెల కాపరులు.

ఆమదాలవలస వాసి | నవంబర్ 23, ఉదయం 6:50

మాది బాప్టిస్టు సంఘం అక్కా. మా దగ్గర అడ్వెంట్ అనే మాటే వినపడదు. ఇది క్యాథలిక్‌ల పద్ధతి కాదా? మా పెద్దలు ఒప్పుకుంటారంటారా?

మూడు లాంతర్లు (విజయనగరం) | నవంబర్ 23, ఉదయం 7:30

తమ్ముడూ, విషెర్న్ గారు లూథరన్, అంటే ప్రొటెస్టెంటే. క్యాథలిక్‌లకి ఇది తర్వాత వెళ్లింది. వాళ్లు ఆగమన కాలం అంటారు. మూడు ఊదా కొవ్వొత్తులు, మూడో ఆదివారానికి ఒక గులాబీ రంగుది పెడతారు. ఇంట్లో కొవ్వొత్తి వెలిగించి లూకా సువార్త చదువుకుంటే ఏ పెద్దలూ కాదనరు. పేరు పెట్టకపోయినా పర్వాలేదు, "నాలుగు ఆదివారాలు" అనుకోండి.

పాలకొండ మాస్టారు | నవంబర్ 23, ఉదయం 8:15

అమ్మా, నేను రిటైరైన టీచర్ని. మనవలు నా దగ్గరే పెరుగుతున్నారు. పట్నం వాళ్లకి లేని సదుపాయం ఒకటి మనకుంది. డిసెంబర్ అంటే మన జిల్లాల్లో కోతలు, నూర్పులు. ఎక్కడ చూసినా కొత్త గడ్డి. పశువుల తొట్టి అంటే ఏమిటో మన పిల్లలకి బొమ్మలో చూపించక్కర్లేదు, పశువుల శాలకి తీసుకెళ్తే సరిపోతుంది.

నేను ఏటా మనవల్ని మా పాలేరు వాళ్ల శాలకి తీసుకెళ్తాను. పేడ వాసన, దోమలు, ఆవు ఊపిరి వేడి, తొట్టి అంచున ఎండిపోయిన కుడితి, అన్నీ చూడనిస్తాను. ఆ తొట్టిలో గడ్డి పరిచి "పుట్టిన యేసుని ఇలాంటి తొట్టిలోనే పడుకోబెట్టారు" అని చెప్పాను. రెండోవాడు ఆ గడ్డి మీద చెయ్యి పెట్టి చూసి, "తాతా, గుచ్చుకుంటది కదా, మరి వాళ్లమ్మ ఏం చేసింది?" అన్నాడు. అప్పుడు పొత్తిగుడ్డల సంగతి చెప్పాను. బైబిల్లో ఆ వాక్యం ఎన్నిసార్లు చదివించినా వాడికి పట్టలేదు, ఆ రోజు పట్టింది.

ఇంట్లో చిన్న అట్టపెట్టె తొట్టి పెట్టండి, ఖాళీగా. పక్కన గడ్డి పరకలు ఒక గిన్నెలో ఉంచండి. పిల్లలు ఎవరికైనా సాయం చేసినప్పుడు, దెబ్బలాట మధ్యలో తమంతట తాము తగ్గినప్పుడు ఒక పరక తొట్టిలో వెయ్యాలి. పండగ నాటికి పడక మెత్తగా ఉండాలన్న తపన వాళ్లకే పుడుతుంది. ఒక్క షరతు: ఎవరు ఎన్ని వేశారని లెక్క పెట్టొద్దు. అలా చేస్తే అది మార్కుల పోటీ అయిపోతుంది. తొట్టి ఒక్కటే, అందరిదీ.

పశువుల పాక కట్టే ఆచారం గురించి కూడా పిల్లలకి చెప్పండి. 1223లో ఇటలీలోని గ్రెచ్చో ఊళ్లో అస్సీసీ ఫ్రాన్సిస్ గారు నిజమైన గడ్డి, ఎద్దు, గాడిదతో ఆ దృశ్యాన్ని ఊరివాళ్ల కళ్ల ముందు నిలబెట్టారు. ఆయనకీ ఇదే ఆలోచన, మాటగా విన్నది కంటికి కనపడాలని.

కోట జంక్షన్ కోడలు (విజయనగరం) | నవంబర్ 23, మధ్యాహ్నం 1:10

మాస్టారూ, మీ మనవడి ప్రశ్న చదివి మా అత్తగారికి వినిపించాను.

నా పరిస్థితి కొంచెం వేరు. నేను క్రైస్తవ కుటుంబంలో పుట్టాను, మా వారిది హిందూ కుటుంబం. మా ఇంట్లో ధనుర్మాసం ముగ్గులు, కాగితం నక్షత్రం రెండూ ఒకే గుమ్మం ముందుంటాయి. పిల్లలు తికమక పడతారని మొదట్లో చుట్టాలు భయపెట్టారు. అలాంటిదేమీ జరగలేదు. పొద్దున్నే నానమ్మతో ముగ్గు, సాయంత్రం నాతో యేసు పుట్టిన కథ. ఏది ఎవరిదో వాళ్లకి తెలుసు. మా అత్తగారు మాత్రం ఒక మాట అన్నారు: "నీ పండగ గురించి పిల్లలకి నువ్వే చెప్పు, గట్టిగా చెప్పు. సగం సగం చెప్తే రెండూ పోతాయి." ఆ మాట నాకు ఎంత ధైర్యమిచ్చిందో చెప్పలేను.

మా ఇంట్లో పిల్లల పని పిండివంటలు. అరిసెల పాకం, నూనె మూకుడు పెద్దవాళ్లవి, పిల్లలు అటువైపు రాకూడదు. గవ్వలు మాత్రం పూర్తిగా పిల్లలవి. ఉసిరికాయంత పిండి ముద్ద గవ్వల చెక్క మీద పెట్టి బొటనవేలితో నొక్కుతూ కిందికి లాగితే చారలు పడి చుట్టుకుంటుంది. నాలుగేళ్ల చేతికి సరిగ్గా సరిపోయే పని. వంకరగా వచ్చినవి కూడా వేయిస్తాం, తీసెయ్యం. అవి డబ్బాల్లో పోసి వీధిలో పన్నెండిళ్లకి పిల్లలే పట్టుకెళ్తారు. సంక్రాంతికి అవే డబ్బాలు అరిసెలతో తిరిగొస్తాయి.

ఉద్దానం ఆడపడుచు | నవంబర్ 23, సాయంత్రం 5:35

అందరూ మంచివి చెప్తున్నారు, కానీ వదినా, నాదొక మాట. కొవ్వొత్తులు, తొట్టి, గవ్వలు, ఇవన్నీ చేస్తే డిసెంబర్‌లో తల్లికి ఊపిరాడదు. ఆఫీసు ఉంది, ఆయన ఊళ్లో లేరు. ఒక్కటో రెండో ఎంచుకోండి. మిగతావి వచ్చే ఏడాదికి ఉంచుకోండి.

ఇంకోటి. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను మా దగ్గరే తీరం దాటింది. కొబ్బరి, జీడి తోటలు నేలమట్టం. ఆ డిసెంబర్‌లో మా ఊళ్లో ఎవరింట్లోనూ కొత్త బట్టల్లేవు, కేకుల్లేవు. చర్చి పైకప్పు రేకులు లేచిపోతే టార్పాలిన్ కింద ఆరాధన చేసుకున్నాం. అన్నం, పప్పు, గుమ్మడికాయ కూర అందరికీ ఒకేచోట వండారు. పిల్లలు వరసలో కూర్చుని విస్తళ్లు వేశారు, నీళ్లు పోశారు. మా అన్నయ్య కొడుకు అప్పుడు చిన్నోడు. ఏ క్రిస్మస్ బాగా గుర్తుందంటే ఇప్పటికీ ఆ ఏడాదిదే చెప్తాడు, "నేను నీళ్లు పోశాను అత్తా" అంటాడు. పిల్లలకి ఏదో ఒక పని అప్పజెప్పండి. అది ఉత్తుత్తి పని కాకూడదు. వాడు చెయ్యకపోతే ఆగిపోయే పని అయ్యుండాలి.

నాగావళి గట్టు (శ్రీకాకుళం) | నవంబర్ 23, రాత్రి 9:15

ఇన్ని సంగతులు చెప్పినందుకు అందరికీ వందనాలు. ఉద్దానం వదినా, మీ మాట మనసులో పెట్టుకున్నాను. నాలుగు ఆదివారాలు, తొట్టి, ఈ రెండూ చేద్దామనుకుంటున్నాను.

రెండు సందేహాలున్నాయి. శాంతాక్లాజ్ గురించి పాప అడిగితే ఏం చెప్పాలి? బడిలో వాళ్లు నిజంగా వస్తాడని చెప్పారు. ఇంకోటి, పిల్లల చేత ఎవరికైనా ఇప్పించాలని ఉంది. మా ఆఫీసు వాళ్లు హాస్టల్ పిల్లలకి కేకు, దుప్పట్లు ఇవ్వడానికి వెళ్తున్నారు. మా పిల్లల్ని తీసుకెళ్లమంటారా?

బొబ్బిలి కుర్రాడు | నవంబర్ 23, రాత్రి 11:05

అక్కా, రెండో ప్రశ్నకి నేను చెప్తాను, ఎందుకంటే నేను అలాంటి హాస్టల్లోనే పెరిగాను.

డిసెంబర్ వస్తే మా దగ్గరికి చాలామంది వచ్చేవాళ్లు. సాయంత్రం నాలుగింటికి మమ్మల్ని వరసలో నిలబెట్టేవారు. ఆకలేసినా కేకు కోసేదాకా తినకూడదు. దుప్పటి ఇచ్చేటప్పుడు ఒక కొస వాళ్లు, ఒక కొస మేము పట్టుకుని ఫొటో వచ్చేదాకా కెమెరా వైపు చూడాలి. వాళ్ల పిల్లలు కూడా వచ్చేవాళ్లు, మా వయసువాళ్లే. వాళ్ల అమ్మల చెయ్యి పట్టుకుని మమ్మల్ని చూస్తూ ఉండిపోయేవాళ్లు. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. మంచి మనసుతోనే వచ్చేవారు, కాదనను. ఆ దుప్పట్లు మాకు నిజంగా పనికొచ్చాయి కూడా. కానీ ఇచ్చేవాళ్లు ఒకవైపు, తీసుకునేవాళ్లు ఒకవైపు అని ఆ రోజు రెండు వైపుల పిల్లలూ నేర్చుకున్నారు.

ఒక కుటుంబం మాత్రం వేరేగా వచ్చేది. భార్యాభర్తలు, ఇద్దరు మగపిల్లలు. కెమెరా లేదు. మాతో పాటే నేల మీద కూర్చుని మా మెస్సు అన్నమే తిన్నారు. ఆ పిల్లలు మాతో క్రికెట్ ఆడారు, ఓడిపోయారు, దెబ్బలాడారు కూడా. మార్చిలో మళ్లీ వచ్చారు, పరీక్షలకి పెన్నులు తెచ్చారు. పేర్లు గుర్తుపెట్టుకుని పిలిచారు.

మీ పిల్లల్ని తీసుకెళ్లండి అక్కా, కానీ ఆఫీసు గుంపుతో వద్దు. ముందు వార్డెన్‌ని అడగండి, ఏం కావాలో వాళ్లే చెప్తారు. సబ్బులు, కొబ్బరినూనె, చెప్పులు, ఇలాంటివే ఎక్కువ అవసరం. పాప చేత ఇప్పించడం కాదు, పాపని అక్కడి పిల్లలతో ఆడుకోనివ్వండి. డిసెంబర్‌లో అందరూ వస్తారు. మీరు ఫిబ్రవరిలో కూడా వెళ్లండి.

పాలకొండ మాస్టారు | నవంబర్ 24, ఉదయం 5:55

నాయనా, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. మా సంఘంలో ఈ ఆదివారం పెద్దల మీటింగ్ ఉంది. మన దగ్గర జరిగే దుప్పట్ల పంపకంలో వరసలు, ఫొటోలు ఆపాలని అడుగుతాను.

సాలూరు ఘాట్ | నవంబర్ 24, ఉదయం 10:20

శాంతాక్లాజ్ ప్రశ్నకి నా జవాబు: అబద్ధం చెప్పొద్దు, ఆట చెడగొట్టొద్దు. అసలు మనిషి కథ చెప్పండి. నాలుగో శతాబ్దంలో ఇప్పటి టర్కీ దేశంలోని మైరా అనే ఊళ్లో నికొలస్ అనే బిషప్ ఉండేవారు. ఆయన పేరున డిసెంబర్ 6న పండగ. ఆయన గురించి తరతరాలుగా చెప్పుకునే కథ ఒకటుంది. ఒక తండ్రికి ముగ్గురు కూతుళ్లు, కట్నమిచ్చే స్తోమత లేదు. ఈయన రాత్రి పూట ఎవరికీ తెలియకుండా కిటికీలోంచి బంగారం మూటలు ఆ ఇంట్లోకి విసిరి వెళ్లిపోయాడట. మన పిల్లలకి కట్నం బాధ విడమరిచి చెప్పక్కర్లేదు, వీధిలో వింటూనే ఉంటారు. "ఎర్ర టోపీ వేసుకుని వచ్చే మాస్టారు ఆ నికొలస్ వేషం కట్టారు" అని చెప్తే ఏడేళ్ల పిల్లకి చక్కగా అర్థమవుతుంది. ఆ తర్వాత వాళ్ల చేతే ఎవరికీ తెలియకుండా ఒకరికి సాయం చేయించండి. పక్కింటి మామ్మ గుమ్మంలో గవ్వల డబ్బా పెట్టి పరిగెత్తుకుని వచ్చేయడం లాంటిది. మా పిల్లలకి ఏ కానుకా ఇంత సరదా ఇవ్వలేదు.

మాది సాలూరు. జిల్లాల విభజనలో పార్వతీపురం మన్యంలోకి వెళ్లినా బజారు పనులకి ఇప్పటికీ విజయనగరమే. 1880ల్లో జర్మనీ నుంచి వచ్చిన బ్రెక్లుమ్ మిషనరీల లూథరన్ సంఘం మాది. నాలుగు ఆదివారాలు మాకు ముత్తాతల నాటి నుంచి అలవాటు. వాటితో పాటు నక్షత్రం ఇంట్లోనే కట్టుకుంటాం. అడిగారు కాబట్టి కాదు గానీ, రాయకుండా ఉండలేకపోతున్నాను.

మేదర వాళ్ల దగ్గర సన్నటి వెదురు బద్దలు పది తీసుకోండి, అన్నీ ఒకే పొడవు. ఐదేసి బద్దలతో రెండు నక్షత్రాలు కట్టాలి. రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టి ఐదు కొసలూ దారంతో బిగించాలి. తర్వాత మధ్యలో బద్దలు కలుసుకునే ఐదు చోట్లా జానెడు కన్నా చిన్న పుల్లలు రెండు నక్షత్రాల మధ్య నిలబెట్టి కట్టండి. అప్పుడు అది బల్లపరుపుగా ఉన్నది కాస్తా పొట్ట వేసుకుని పైకి లేస్తుంది. ఆ క్షణంలో పిల్లల మొహాలు చూడాలి. గాలిపటం కాగితం మైదా జిగురుతో అంటించండి. పాతవాళ్లు పురుగు పట్టకుండా జిగురులో మైలుతుత్తం కలిపేవారు. అది విషం, పిల్లలున్న ఇంట్లో వద్దు. ఒక రెక్క అంటించకుండా వదిలేస్తే బల్బు పెట్టడానికి వీలుంటుంది. ఎల్‌ఈడీ బల్బే పెట్టండి, పాత బల్బుల వేడికి కాగితం మాడిపోయేది.

బద్దలు పెద్దవాళ్లే చీల్చాలి, అంచు కత్తిలా కోస్తుంది. దారం పట్టుకోవడం, జిగురు రాయడం పిల్లలవి. రెండు సాయంత్రాలు పడుతుంది. కొన్న నక్షత్రం ఐదు నిమిషాల్లో వెలుగుతుంది, కానీ దానితో పిల్లలకి ఏ సంబంధమూ ఉండదు.

కువైట్ నాన్న (టెక్కలి) | నవంబర్ 24, రాత్రి 11:50

నేను ఆరేళ్లుగా ఇక్కడే ఉంటున్నాను. పండక్కి రాలేని తండ్రి తరఫున రాస్తున్నాను. చెల్లెమ్మా, మీ ఆయన లేకుండా అంతా ముగించేయకండి. క్రిస్మస్ కాలం 25తో అయిపోదు. పుట్టిన యేసుని చూడటానికి తూర్పు నుంచి వచ్చిన జ్ఞానుల పండగ జనవరి 6. మేము క్యాథలిక్‌లం, మాకైతే ఆ తర్వాత యేసు జ్ఞానస్నాన పండగ దాకా నడుస్తుంది.

మా ఇంట్లో జ్ఞానుల బొమ్మలు మొదటి రోజునే పాకలో పెట్టరు. తూర్పు వైపు గదిలో కిటికీ మీద పెట్టి రోజుకి కొంచెం కొంచెం జరుపుతారు. ఒకరోజు టీవీ పక్కన, ఒకరోజు బియ్యం డబ్బా మీద. ఎక్కడిదాకా వచ్చారో మా అమ్మాయి రాత్రి వీడియో కాల్‌లో నాకు చూపిస్తుంది. "నాన్నా, ఇవాళ ఫ్రిజ్ ఎక్కారు" అంటుంది. రోజూ "తిన్నావా, చదువుకున్నావా" తప్ప ఇంకో మాట దొరకని నాకు, బిడ్డతో మాట్లాడటానికి ఒక విషయం దొరికింది. నేను సెలవు మీద వచ్చిన ఏడాది ఆఖరి అడుగు నా చేత వేయించింది. మీ ఆయన సంక్రాంతికి వస్తారు కదా, ఆయన వచ్చేదాకా పాక తీయకండి. జ్ఞానులకి ఇంకో వారం ఆలస్యమైతే ఏమీ కాదు. వాళ్లు దూరం నుంచి వచ్చినవాళ్లు.

నాగావళి గట్టు (శ్రీకాకుళం) | నవంబర్ 25, రాత్రి 8:30

అన్నయ్యా, మీరు రాసింది మా ఆయనకి ఫోన్లో చదివి వినిపించాను. వెంటనే "ఆ బొమ్మలు నేనే ఇక్కడి నుంచి పంపిస్తాను" అన్నారు. ఏటికొప్పాక లక్క బొమ్మలు ఎక్కడో ప్రదర్శనలో చూశారట, వాటిలోంచి ముగ్గురిని ఏరి కొరియర్ చేస్తారట. నిన్నటిదాకా "పండక్కి నేను లేను, మీరు చేసుకోండి" అన్న మనిషి!

చివరి ప్రశ్న. మా యూత్ వాళ్లు క్యారల్స్‌కి ఇంటింటికీ తిరుగుతారు. మా వీధికి వచ్చేసరికి రాత్రి ఒంటిగంట దాటుతుంది. పిల్లలు నిద్రలో లేచి ఏడుస్తారు. పైగా పాపకి మంచు పడితే ఆయాసం. అయినా అది చూడకుండా పెరగడం నాకిష్టం లేదు.

మూడు లాంతర్లు (విజయనగరం) | నవంబర్ 25, రాత్రి 9:05

యూత్ లీడర్‌ని అడుగు చెల్లీ, నోరు తెరిచి అడిగితే వింటారు. మా దగ్గర రెండేళ్ల నుంచి చిన్నపిల్లలున్న ఇళ్లు, జబ్బు మనుషులున్న ఇళ్లు ముందు పెట్టుకుంటున్నారు, ఎనిమిదిన్నర లోపు. మైకు లేకుండా డోలక్, తాళాలతోనే పాడుతున్నారు. పక్కింట్లో పరీక్షలకి చదువుకునేవాళ్లు కూడా ఉంటారు కదా. పాపకి స్వెట్టరు, చెవులకి మఫ్లరు కట్టి మొదటి మూడు నాలుగు ఇళ్లకి తీసుకెళ్లు. లాంతరు పట్టుకునే పని పాపకివ్వమని చెప్పు. తర్వాత ఇంటికి తెచ్చేయ్. ఇన్‌హేలర్ వాడుతుంటే జేబులో ఉండాలి.

ఉద్దానం ఆడపడుచు | నవంబర్ 25, రాత్రి 9:40

వచ్చినవాళ్లకి టీతో పాటు పెట్టే పకోడీల పళ్లెం బాబు చేతికివ్వండి వదినా. పడేసినా పర్వాలేదు.

పాలకొండ మాస్టారు | నవంబర్ 26, ఉదయం 6:10

అమ్మా, శ్రీకాకుళంలో గడ్డి దొరకడం కష్టం. శుక్రవారం మా అబ్బాయి కాంప్లెక్స్ వైపు పని మీద వస్తున్నాడు, చిన్న మోపు పంపిస్తాను. కొత్త గడ్డి కాబట్టి లోపల పచ్చిగా ఉంటుంది. రెండు రోజులు మేడ మీద ఎండబెట్టాకే ఇంట్లో పెట్టండి, లేకపోతే బూజు పడుతుంది. పాపకి ఆయాసం ఉందన్నారు, దులపడం బయటే చెయ్యండి. కొవ్వొత్తుల పళ్లెం ఒక గదిలో, తొట్టి ఇంకో గదిలో ఉంచండి. గడ్డికి నిప్పురవ్వ చాలు.